కరగెర్ నోరు

గుర్రాన్ని కొనేవాడు ముందు గుర్రాన్ని చూడకూడదు, అది నిలబడ్డ నేలను చూడాలి. సూరన్‌కుల్ ముప్పై ఏళ్ళుగా నమ్ముకున్న పద్ధతి ఇది. అమ్మేవాడు గుర్రాన్ని తోముతాడు, దువ్వుతాడు, డెక్కలకు నూనె రాసి మరీ నిలబెడతాడు. నేలను తోమే తెలివి ఇంతవరకు ఒక్క అమ్మకందారుడికీ పుట్టలేదు. పేడ గట్టిగా ఉందా పలచగా ఉందా, ఏ కాలి ముద్ర లోతుగా దిగింది, మేత ఎంత మిగిలింది, ఇవన్నీ నేల దాచుకోకుండా చెప్పేస్తుంది.

అందుకే ఆ మధ్యాహ్నం కెరింబాయ్ ఇంటి వెనక దడి దగ్గర అతని చూపు అలవాటుగా కిందికే వెళ్ళింది. అప్పుడే గొర్రెల్ని దొడ్లోకి తోలి, తనెక్కి వచ్చిన గుర్రాన్ని బయట కట్టి, ఒక చేత్తో నడుము నొక్కుకుంటూ నిలబడ్డాడు. తెల్లవారకముందే అట్‌బాషిలో బయలుదేరాడు. రేపు కెరింబాయ్ పోయిన ఏడాదికి పెట్టే విందు, ఆష్. దానికి పద్దెనిమిది గొర్రెలు కావాలని కబురు పెడితే తోలుకొచ్చాడు. వాటి వెంట బూడిద రంగు ముసలి ఆడగుర్రం ఒకటి ఉంది. అది విందుకి కాదు, ఆదివారం పశువుల సంతలో అమ్ముదామని తెచ్చుకున్నది. దారి పొడుగునా కనిపించిన ప్రతి గడ్డిపరకకూ ఆగి, మధ్యలో సూరన్‌కుల్ టోపీ అంచు కూడా కొరికి చూసిన మహా తిండిపోతు.

దడి లోపల నేల మీద ఆకుపచ్చని ఉండలు పడి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, కోడిగుడ్డంతేసి ఉండలు ఇరవై దాకా. కొన్ని ఎండిపోయాయి, కొన్ని ఇంకా తడిగా ఉన్నాయి.

సూరన్‌కుల్ దడిలోంచి చెయ్యి దూర్చి ఒక తడి ఉండను అందుకున్నాడు. వేళ్ళతో విప్పాడు. సగం నమిలి కక్కేసిన గడ్డి. అందులో దారపు పోగంత ఎర్రటి చార.

గుండె ఒక్కసారి దడదడలాడింది. సంతలో పదిమందీ పనికిరాదని దాటిపోయిన గుర్రంలో మేలుజాతి పనితనం తన కంటికి మాత్రమే కనిపించినప్పుడు కొట్టుకునే కొట్టుడు అది. అప్పుడు తల ఎత్తి చూశాడు.

చూసి గుర్తుపట్టలేకపోయాడు. ముదురు గోధుమ రంగు ఒళ్ళు, నల్లటి కాళ్ళు, కెరింబాయ్ ఎక్కి తిరిగిన కరగెరే. నడిస్తే వీపు మీద నిండు గిన్నె పెట్టినా చుక్క తొణకదని లోయంతా చెప్పుకున్న గుర్రం. యజమాని పోయినందుకు గుర్తుగా జూలూ తోకా కత్తిరించారు, అది ఆచారం, బాధ లేదు. కానీ పక్కటెముకలు యుర్తా గుడారపు కర్రల్లా పైకి తేలాయి. తల మోకాళ్ళ దాకా వాల్చి గోడవైపు తిరిగి నిలబడి ఉంది.

"చూశావా పళ్ళలెక్కా?" అంది వెనక నుంచి ఒక గొంతు.

కెరింబాయ్ భార్య బురుల్చా. ఆ ఇంటి ఆడవాళ్ళు భర్త పేరు గానీ, భర్త తమ్ముళ్ళ వరసవాళ్ళ పేర్లు గానీ నోట పలకరు, మారుపేర్లు పెట్టుకుంటారు. గుర్రాల నోళ్ళలో వేళ్ళు పెట్టి బతికే సూరన్‌కుల్‌కి పాతికేళ్ళ కిందటే ఆ పేరు పెట్టింది. చేతిలో టీ గిన్నె ఉంది. గిన్నె పట్టుకున్న మణికట్టు చూస్తే అతనికి గుర్రం పక్కటెముకలే గుర్తొచ్చాయి.

"వదినా, ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"వసంతం నుంచి. చలికాలమంతా బాగానే ఉంది. మంచు కరిగాక మెల్లగా తిండి మానేసింది. మీ అన్న మీద బెంగ."

సూరన్‌కుల్ ఆమె ఇచ్చిన టీని ఎడమ బుగ్గలోకి పోసుకుని మింగాడు. "బెంగ పెట్టుకునేది చలికాలమంతా ఎందుకు ఆగింది?"

"నాకేం తెలుసు. నేనూ చలికాలమంతా తిన్నాను. తర్వాతే..." అని ఆపేసింది. "ఇంతకీ నలభయ్యో రోజున అందరం అనుకున్నాం, ఏడాది విందుకి దీన్ని కోయొద్దు, బతకనిద్దాం అని. పోయినవాడి వెంట గుర్రాన్ని పంపే ఆ పాత పద్ధతి ఇప్పుడు ఎంతమంది పాటిస్తున్నారులే! కానీ ఇది తిండి మానేసేసరికి మా గొంతుగాడు పట్టుపట్టాడు. అన్న పిలుస్తున్నాడు, గుర్రం వెళ్తానంటోంది, ఆపడానికి మనమెవరం అని. రేపు తెల్లవారగానే."

గొంతుగాడంటే కెరింబాయ్ తమ్ముడు అబ్దిల్దా. ఇంటి ముందు పెద్ద పెద్ద కళాయిలు ఎక్కించడానికి నేలలో పొయ్యిగుంటలు తవ్విస్తున్నాడు. అతని అరుపులు ఇక్కడికి వినిపిస్తూనే ఉన్నాయి.

"దీని నోట్లో చెయ్యి పెట్టి ఎవరైనా చూశారా?"

బురుల్చా అతన్ని వింతగా చూసింది. "పోయిన మనిషి గుర్రం అది. ఏడాది నిండేదాకా జీను వేయకూడదు, కళ్ళెం వేయకూడదు, చెయ్యి వేయకూడదు. నీకు తెలీదా?"

తెలుసు. తెలుసు కాబట్టే ఇప్పుడు జరిగిందేమిటో అర్థమైంది. మామూలు గుర్రం రెండు రోజులు మేత కక్కితే మూడో రోజు పొద్దున్నే ఈ లోయలో ఏ పశులకాపరైనా నోరు తెరిచి చూస్తాడు. ఈ గుర్రాన్ని గౌరవించారు. గౌరవించి, ఆరు నెలలు దూరం నుంచి చూసి, పాపం బెంగ అనుకున్నారు.

"వదినా, ఇది బెంగ కాదు. పన్ను."

"ఏమిటీ?"

"పన్ను! ఇదిగో చూడు ఉండ. తినాలని లేనిది గడ్డిని నోట్లో పెట్టుకోదు. ఇది పెట్టుకుంటోంది, నములుతోంది, మింగలేక ఉమ్మేస్తోంది. దీనికి ఆకలి చావలేదు వదినా, ఆకలితో చస్తోంది!"

మాట పూర్తి కాకముందే అబ్దిల్దా వచ్చాడు, మోచేతుల దాకా మట్టితో. "ఏమిటి సూరన్‌కుల్, గొర్రెలు తెచ్చినవాడివి గొర్రెలు అప్పజెప్పి టీ తాగు. గుర్రం జోలికెందుకు?"

"తమ్ముడూ, దీని దవడపన్ను బుగ్గను కోస్తోంది. గంట సేపు నాకు వదిలెయ్. ఆకురాయితో అరగదీస్తాను."

"మా అన్న గుర్రానికి ఆకురాయా? రేపు పోయేదానికి ఈ రోజు పళ్ళు తోముతావా?"

"రేపు పోనక్కర్లేదు అంటున్నాను."

అబ్దిల్దా ముఖం ఎర్రబడింది. "నువ్వు బేరగాడివి. నీకు గుర్రమంటే మాంసం, నడక, వయసు. మా అన్న పాతికేళ్ళు ఈ కొండల్లో నడిచి ఎరగడు. అక్కడ మాత్రం కాలినడకన తిరగాలా? అదే పోతానంటోంది, కళ్ళు లేవా నీకు?"

ఈ అరుపులకు కళాయిల దగ్గరి మగవాళ్ళు, బోర్సోకులనే పిండివంట వేయిస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే దడి చుట్టూ చేరారు. వాళ్ళతోపాటు నియాజ్ తాత కూడా, చేతికర్ర పొడుచుకుంటూ. లోయలో ఏ తగువైనా చివరికి ఆయన గడ్డం దగ్గరే ఆగుతుంది. జనం చేరడం చూసి సూరన్‌కుల్ ఉత్సాహం రెట్టింపైంది. ఇద్దరి మధ్య బేరం తెగదు, చుట్టూ పదిమంది ఉంటే తెగుతుంది.

"తాతా, నువ్వే విను. పదేళ్ళ కిందట ఈ కరగెర్‌ని కెరింబాయ్ అన్నకి అమ్మింది నేను. దీని నోరు తెరిచి చూపించి ఒక మాట అన్నాను. ఏమన్నానో గుర్తుందా?"

"ఇరవై ఏళ్ళు నమిలే నోరు అన్నావు," అన్నాడు నియాజ్ తాత. "అతిగా అన్నావు అనుకున్నా నేను."

"పదేళ్ళే అయింది. మాట సగంలో ఉంది. కొన్నవాడు బతికుంటే వచ్చి నా చొక్కా పట్టుకుని అడిగేవాడు. పోయినవాడు అడగలేడు కదా అని ఊరుకుంటానా?" గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "సూర్యుడు ఆ కొండ వెనక్కి దిగేలోపు ఇది మేత తిని మింగాలి. మింగితే బతకాలి. రేపు దీని బదులు నా బూడిద గుర్రాన్ని ఊరికే ఇస్తాను. మింగకపోతే మీ ఇష్టం, ఇక నోరెత్తను."

జనంలో ఎవరో నవ్వారు. "అంటే గెలిస్తే నీకు నష్టం, ఓడితే ఏమీ లేదు. ఇదెక్కడి బేరం సూరన్‌కుల్?"

"నా మాట పోతే రేపు నా దగ్గర గుర్రం ఎవడు కొంటాడురా? ముసలి గుర్రం పోతే పోయింది."

అబ్దిల్దా తాత వైపు తిరిగాడు. "చెయ్యి వేయకూడదు కదా తాతా, చెప్పు."

నియాజ్ తాత గడ్డం నిమురుకున్నాడు. "జీను వద్దన్నారు పెద్దలు. కళ్ళెం వద్దన్నారు. కొరడా వద్దన్నారు. ఆకురాయి సంగతి..." అని అలా ఆగిపోయాడు. అటో ఇటో తేల్చకుండా ఆయన ఆగితే ఒక్కోసారి టీ చల్లారిపోతుంది.

బురుల్చా ఆగలేదు. తడి చేతులు అంగీకి తుడుచుకుని, దడి గడియ ఎత్తి, లోపలికి నడిచింది. ఏడాదిగా ఎవరూ తాకని ఆ మెడ మీద అరచెయ్యి వేసింది. కరగెర్ చెవి ఒకటి ఆమె వైపు తిరిగింది.

"ఏం చెయ్యాలో చెప్పు పళ్ళలెక్కా," అంది. "నా గుర్రం ఇది."

సూరన్‌కుల్ జీను సంచిలోంచి ఆకురాయి తీశాడు. జానెడున్నర పొడుగు, కొన వంచి కొట్టించినది. ఒక కర్రముక్కకు ఉన్ని గుడ్డ చుట్టాడు. కళ్ళెం లేదు కాబట్టి మెత్తటి తాడు మెడకు చుట్టి గుంజకు ముడేశాడు. "నాలుక పక్కకి లాగి పట్టుకో వదినా. నాలుక నీ చేతిలో ఉన్నంతసేపు అది నోరు మూయదు, తన నాలుక తనే కొరుక్కుంటానని భయం. జారనివ్వకు!"

కర్రముక్క పళ్ళ మధ్య పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా లోపలికి దూర్చాడు. వేలికి తగిలింది. కుడి పక్క పైదవడలో వెనక పన్ను. దాని కింద ఉండాల్సిన జోడీ సగానికి విరిగి ఉంది. ఎప్పుడో ఏ పోతుగుర్రమో తన్ని ఉంటుంది. కింద ఒరిపిడి లేక పై పన్ను గద్ద గోరులా కిందికి సాగి, అంచు బయటికి తిరిగి, బుగ్గ లోపల వేలు పట్టేంత పుండు చేసింది. పుండు మీద వేలు పడగానే కరగెర్ ముందు కాళ్ళు నేల మీద లేవు.

సూరన్‌కుల్ దడికి కొట్టుకుని కింద పడ్డాడు. బురుల్చా తాడుకు వేలాడింది. జనం అరిచారు.

"తాడు వదలకు వదినా!" అంటూ దడి మీంచి దూకాడు అబ్దిల్దా. రెండు చేతులా గుర్రం చెవులు పట్టి, నుదుటికి నుదురు ఆన్చి, దానికి వినపడేలా ఏదో గొణిగాడు. అది కిందికి దిగింది. "నేను దీని కోసం పట్టుకుంటున్నాను, నీ కోసం కాదు," అన్నాడు సూరన్‌కుల్ వైపు చూడకుండా. "తొందరగా కానియ్."

"చెవులు నీవి, నాలుక వదినది, పన్ను నాది. పంపకం అయింది," అంటూ లేచాడు సూరన్‌కుల్.

అరగదీశాడు. లోపలికి తోసేటప్పుడు తేలిగ్గా, వెనక్కి లాగేటప్పుడు గట్టిగా. ఆకురాయి పన్ను మీద చేసే చప్పుడుకి చుట్టూ ఉన్నవాళ్ళు తమ దవడలు పట్టుకున్నారు. తెల్లటి పొడి, నురగ, రక్తం కలిసి అతని మోచేతి మీంచి కారాయి. పది లాగుళ్ళకోసారి ఆగి వేలితో తడిమి చూశాడు. ఇంకా గరుకు. ఇంకో పది. భుజం మండిపోతోంది. బురుల్చా చేతిలో నాలుక జారిపోతే మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది, మళ్ళీ పట్టుకుంది. ఆమె చెంపలకు రంగు వచ్చిందని ఆడవాళ్ళలో ఎవరో అన్నారు. ఎండ దడి మీది నుంచి గోడ మీదికి ఎక్కింది.

చివరికి వేలు నున్నగా జారింది. ఉప్పునీళ్ళతో నోరు కడిగాడు. "కుడితి తెండి! బార్లీ, తవుడు, గోరువెచ్చని నీళ్ళు, చారెడు ఉప్పు!"

తొట్టి నిండా కుడితి వచ్చింది. ఆవిరితో కలిసి తవుడు వాసన గాలిలోకి లేచింది. తాడు విప్పి అందరూ దడి వెనక్కి జరిగారు. కరగెర్ తొట్టి దగ్గరికి వచ్చింది. తల వంచింది. వాసన చూసింది. ముక్కుపుటాలు పెద్దవయ్యాయి.

తల ఎత్తి గోడవైపు తిరిగిపోయింది.

సూరన్‌కుల్ తొట్టిని గోడ దగ్గరికి లాగాడు. అది ఇటు తిరిగింది. గుప్పెడు తీసి పెదవులకు రాశాడు. పెదవులు బిగించుకుంది. తేనె పోయించాడు. పోసినా అంతే. కొండ నీడ అప్పటికే వాగు దాటి పొలం మీదికి పాకింది.

"చెప్పానా," అన్నాడు అబ్దిల్దా. గొంతులో గెలుపు లేదు, అలసట ఉంది. "నోరు బాగుచేశావు, ఒప్పుకుంటున్నా. మనసులో ఉన్నదానికి ఆకురాయి లేదు."

సూరన్‌కుల్‌కి జవాబు తెలుసు గానీ తెలిసినదానితో పని జరగడం లేదు. ఆరు నెలలుగా ప్రతి ముద్దకూ ఒక పోటు తిన్న నోరు అది. పోటు పోయిందని దానికెవరు చెప్పాలి? ఒక్క ముద్ద నమిలితే దానికే తెలుస్తుంది. ఆ ఒక్క ముద్ద నమలడానికే భయం. సరుకు మంచిది, ధర మంచిది, కొనేవాడు మాత్రం సంచి మూతి విప్పడం లేదు. అలాంటివాణ్ణి సంతలో ఏం చేస్తాం?

అప్పుడు దొడ్డి అవతల కట్టేసిన బూడిద గుర్రం సకిలించింది. కుడితి వాసన తగిలినప్పటి నుంచి అది నేల తవ్వుతూనే ఉంది.

సూరన్‌కుల్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఓరి నా బుర్ర! రెండో బేరగాడు! రెండో బేరగాడు లేకుండా ఏ బేరం తెగింది!"

సంతలో పొద్దుటి నుంచి ఎవరూ తాకని గుర్రం పక్కన చుట్టాన్ని ఒకణ్ణి నిలబెట్టి వీపు నిమరమంటాడు అతను. అంతే, అంతదాకా అటు చూడనివాడు కూడా వచ్చి నాకే కావాలంటాడు. పరుగున వెళ్ళి బూడిద గుర్రాన్ని విప్పి దడిలోకి వదిలాడు.

"తొట్టి ఖాళీ చేస్తుందది!" అని అరిచారు ఎవరో.

"చెయ్యనీ!"

బూడిద గుర్రం మర్యాదలు చూసుకోలేదు. చనిపోయినవాడి ఇల్లు, పెద్దవాళ్ళు, ఆచారం, ఏదీ లెక్కపెట్టకుండా మూతిని కళ్ళ దాకా తొట్టిలో ముంచి జుర్రుకుంది. జుర్రిన చప్పుడు వాగు దాకా వినిపించి ఉంటుంది. తొట్టిలో పావు వంతు తగ్గింది. కరగెర్ చెవి తిరిగింది. సగానికి వచ్చింది. కరగెర్ తల తిరిగింది. ఏడాదిగా దాని దడిలోకి ఇంకో గుర్రం అడుగు పెట్టలేదు.

"అదిగో నీడ!" అన్నాడు నియాజ్ తాత. కొండ నీడ దడి మొదటి గుంజను తాకింది.

"తినవే! తినవే నా తల్లీ!" అని బూడిద గుర్రాన్ని చూసి అరుస్తున్నాడు సూరన్‌కుల్. "నీ జన్మలో ఒక్కసారి నీ తిండిపోతుతనం పనికొచ్చింది, ఆపకు!" పక్కవాళ్ళు కూడా అరవడం మొదలెట్టారు. సగం మంది బూడిదదాన్ని తినమంటున్నారు, సగం మంది కరగెర్‌ని పిలుస్తున్నారు. బురుల్చా మాత్రం దడి కర్రను రెండు చేతులా పట్టుకుని పెదవులు కదపకుండా చూస్తోంది.

తొట్టి అడుగు కనపడబోతుండగా కరగెర్ రెండు చెవులూ మెడకు అంటుకుపోయాయి. రెండంగల్లో వచ్చి బూడిద గుర్రం మెడ కొరికింది. అది కీచుమని పక్కకి జరిగింది. కరగెర్ మూతి తొట్టిలోకి దిగింది.

ఒక ముద్ద తీసుకుంది. దవడ ఒక్కసారి ఆడింది. ఆగిపోయింది.

పోటు కోసం చూస్తోంది. కళ్ళు పెద్దవి చేసి, ఒళ్ళంతా బిగబట్టి, వచ్చే దెబ్బ కోసం కాచుకుని నిలబడింది. దడి చుట్టూ నలభై మంది కూడా అలాగే నిలబడ్డారు.

దవడ మళ్ళీ ఆడింది. మళ్ళీ. గొంతు కింద చర్మం పైకి లేచి కిందికి జారింది. ఆ తర్వాత ఇక దాన్ని ఆపేవాళ్ళు లేరు. తొట్టి నాకి, తొట్టి తిరగేసి, కింద ఒలికింది కూడా నాకి, దడి మూల ఆరు నెలలుగా పడి ఉన్న ఎండుగడ్డి మీద పడింది. కరకర నమిలే చప్పుడు తప్ప లోకంలో ఇంకో చప్పుడు లేదు.

ఒకరు చెప్పకుండానే అందరి చూపులూ కిందికి దిగాయి. కాళ్ళ దగ్గర ఒక్క పచ్చ ఉండ కూడా కొత్తగా పడలేదు.

"నేల శుభ్రంగా ఉంది," అన్నాడు నియాజ్ తాత. అప్పుడు లేచింది చూడండి అరుపు! టోపీలు గాలిలోకి ఎగిరాయి. కళాయి దగ్గర వదిలేసి వచ్చిన బోర్సోకులు మాడిపోతున్నాయని ఆడవాళ్ళు కేకలు వేస్తూ పరుగెత్తారు.

అబ్దిల్దా మాత్రం అక్కడే కూలబడ్డాడు. "ఆరు నెలలు," అన్నాడు. "రోజూ పొద్దున్నే వచ్చి దీని దగ్గర నిలబడేవాణ్ణి. అన్నతో మాట్లాడుతోంది అనుకునేవాణ్ణి. పంటినొప్పి!"

"మాట్లాడి ఉండొచ్చులే," అన్నాడు సూరన్‌కుల్. గెలిచిన బేరగాడు కొన్నవాణ్ణి వెక్కిరించకూడదు. "పన్ను నొప్పి గురించే చెప్పి ఉంటుంది."

ఇక మాట నిలబెట్టుకోవాలి. తాడు తీసుకుని బూడిద గుర్రం దగ్గరికి వెళ్ళాడు. ముసలిది, ఈతలు మానేసింది, సంతలో అయినా అది వెళ్ళేది మాంసానికే. లెక్క ప్రకారం బాధపడటానికేం లేదు. కానీ దాని మూతికి అంటుకున్న తవుడు చూసేసరికి తాడు ముడి ఒక పట్టాన పడలేదు. ఎలాగో ముడేసి రెండడుగులు నడిపించాడు.

కరగెర్ గడ్డి వదిలేసింది. గడ్డిని! దడి గేటుకి అడ్డంగా వచ్చి నిలబడి లోయ దద్దరిల్లేలా సకిలించింది. సూరన్‌కుల్ పక్క నుంచి పోబోతే అటు జరిగింది. ఇటు పోతే ఇటు జరిగింది. గంట కిందట కొరికిన మెడ మీదే తల ఆన్చింది.

నియాజ్ తాత కర్ర మీద వాలి భుజాలు ఊగేలా నవ్వాడు. "ఇప్పుడెవరు ఎవరిని పిలుస్తున్నారు అబ్దిల్దా?"

అబ్దిల్దా ముఖం తుడుచుకుని లేచాడు. "ఆ తాడు ఇటివ్వు సూరన్‌కుల్. దీన్ని రేపు కోశామనుకో, అది మళ్ళీ తిండి మానేస్తుంది. మేం బెంగ అంటాం, నువ్వు పన్ను అంటావు, ఇంకో పొద్దంతా నీ అరుపులు వినాలి. నా వల్ల కాదు. నా రెండేళ్ళ గుర్రం ఉంది, కొవ్వు పట్టి ఉంది. మా అన్న ఆష్‌కి మా ఇంటి గుర్రమే ఉండాలి."

"అయితే నా బూడిద దాన్ని వెనక్కి తీసుకుపోతా."

"ఎలా తీసుకుపోతావ్?" అంది బురుల్చా గేటుకు అడ్డంగా ఉన్న కరగెర్‌ని చూపిస్తూ. "దీన్ని కూడా తోలుకుపోతావా?"

సూరన్‌కుల్ ఒక గుర్రాన్ని చూశాడు, ఇంకో గుర్రాన్ని చూశాడు. కోతకు పోతే పోయింది, బతికినా పోయింది. ఎటు తిప్పినా ఆ ముసలి తిండిపోతు తనకి దక్కేలా లేదు. "సరేలే, ఉంచుకోండి. కానీ దీన్ని మేపలేక నన్ను తిడతారు, ముందే చెబుతున్నా."

పొయ్యిల దగ్గర పరిచిన కంబళి మీద కూర్చోబెట్టారు అతన్ని. బురుల్చా వేడి బోర్సోకులు గిన్నెతో తెచ్చి ముందు పెట్టి, అలవాటుగా తను దూరంగా కూర్చుంది. ఆమె ఎండలు ముదిరినప్పటి నుంచి టీ మీదే బతుకుతోందని, అడిగితే వద్దంటుందని పక్కింటి ముసలమ్మ సూరన్‌కుల్ చెవిలో వేసింది. అతను విన్నట్టు తల ఊపలేదు. గిన్నెను ఒళ్ళోకి లాక్కుని, ఒకటి నోట్లో ఉండగానే ఇంకోటి అందుకుని, బూడిద గుర్రానికి తోబుట్టువులా మొదలెట్టాడు. వెన్నలో ముంచాడు. వేళ్ళు నాకాడు. "అబ్బ" అన్నాడు. గిన్నె సగానికి వచ్చింది.

"అదేం తిండి మరిదీ!" అంది బురుల్చా. "రేపటి జనానికి ఉంచవా?"

"జనం సంగతి జనం చూసుకుంటారు."

ఆమె వచ్చి గిన్నె లాక్కుంది. లాక్కున్న చెయ్యి ఒకటి తీసుకుంది. తీసుకున్నది నోట్లోకి వెళ్ళింది. తర్వాత ఇంకోటి. ఆడవాళ్ళు చూసి చూడనట్టు కళాయిల వైపు తిరిగి మరీ గట్టిగా కబుర్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మూడోది నములుతూ ఆమె ఒక్కసారి ఆగి, సూరన్‌కుల్ దవడను తదేకంగా చూసింది.

"అన్నీ ఎడమ పక్కనే నములుతున్నావేం?"

"ఏం లేదు."

"టీ కూడా ఎడమ పక్కకే పోసుకున్నావు మధ్యాహ్నం. ఎప్పటి నుంచి?"

"చలికాలం నుంచేలే. ప్రయాణాల అలసట, చలి... ఏదో ఒకటి."

బురుల్చా గిన్నె కింద పెట్టింది. ఏడాదిలో మొదటిసారి ఆమె పళ్ళు కనపడేలా నవ్వింది.

"ఒరేయ్ గొంతుగాడా!" అని కేకేసింది పొయ్యిల వైపు. "ఇలా రా, వచ్చి ఈయన చెవులు పట్టుకో! నాలుక నేను పడతాను! ఆ ఆకురాయి ఎక్కడ పెట్టారో చూడండి ఎవరైనా!"

సూరన్‌కుల్ అప్పటికే లేచి, దవడ చేత్తో కప్పుకుని, జీను వేసి ఉన్న తన గుర్రం వైపు పెద్ద పెద్ద అంగలేస్తున్నాడు.